ట్రావెల్ కంపెనీ కర్బన ఉద్గారాలు: కొలవడం, తగ్గించడం, మిగిలినదానికి పరిహారం చెల్లించడం

ప్రపంచమంతటా వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో పర్యాటకం వాటా సుమారు 8 శాతమని 2018లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. విమానాలు, బస్సులు, హోటళ్లతో పాటు యాత్రికులు తినే తిండిని, కొనే వస్తువులను కూడా కలుపుకొని వేసిన లెక్క అది. అందులో తన వంతు ఎంతో తెలుసుకుని తగ్గించుకోవాలనుకునే ట్రావెల్ కంపెనీ సాధారణంగా ఆఫీసులో బల్బులు మార్చడంతోనో, టికెట్టుకో మొక్క నాటిస్తామని ప్రకటించడంతోనో మొదలుపెడుతుంది. రెండింటిలోనూ తప్పు లేదు గాని, రెండూ అసలు విషయాన్ని తాకవు. ఎంత దూరానికి, ఎంతమందిని, ఏ వాహనంలో, ఎన్ని రోజులకు పంపుతున్నామన్నది నిర్ణయించే రోజునే ఆ యాత్ర ఉద్గారాల్లో అధిక భాగం ఖరారైపోతుంది. ఆ తర్వాత చేసే పొదుపులన్నీ మిగిలిన చిన్న భాగం మీదనే పనిచేస్తాయి. కాబట్టి ఈ పనిని పర్యావరణ విభాగానికి అప్పగించి ఊరుకోకుండా, టూర్ ప్యాకేజీలు తయారుచేసే వారినీ ధరలు నిర్ణయించే వారినీ మొదటి రోజు నుంచే కూర్చోబెట్టుకోవాలి.

లెక్కకు హద్దులు

సంస్థల ఉద్గారాలను లెక్కించడానికి అన్ని దేశాల్లోనూ వాడుకలో ఉన్న పద్ధతి గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్. వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, వరల్డ్ బిజినెస్ కౌన్సిల్ ఫర్ సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ కలిసి 2001లో దీని తొలి ప్రమాణాన్ని వెలువరించాయి. ఇది ఉద్గారాలను మూడు స్కోపులుగా విడదీస్తుంది. సంస్థ సొంత వాహనాల్లోనూ జనరేటర్లలోనూ కాలే ఇంధనం, సొంత ఏసీల నుంచి లీకయ్యే గ్యాస్ స్కోప్ 1 కిందికి వస్తాయి. కొనుక్కునే కరెంటు స్కోప్ 2. సంస్థ కొనే, అమ్మే, పురమాయించే సేవల ద్వారా ఇతరుల దగ్గర వెలువడేదంతా స్కోప్ 3. దాన్ని 2011 నాటి ప్రమాణం 15 తరగతులుగా విభజించింది.

సొంత విమానాలు గాని, హోటళ్లు గాని, బస్సులు గాని లేని టూర్ ఆపరేటర్ విషయంలో స్కోప్ 1, స్కోప్ 2 కలిపినా మొత్తంలో చాలా స్వల్పం. మిగిలినదంతా స్కోప్ 3లోనే ఉంటుంది. ఏదైనా ట్రావెల్ కంపెనీ ‘మా ఉద్గారాలను సగానికి తగ్గించాం’ అని చెప్పినప్పుడు, సగమైనది ఏ స్కోపో అడిగితే ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో తెలిసిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. చాలా కంపెనీలు గమ్యస్థానంలో జరిగే యాత్రను మాత్రమే అమ్మి, అక్కడికి చేరే విమాన టికెట్టును కొనుక్కునే పని కస్టమరుకే వదిలేస్తాయి. టికెట్టు తాము అమ్మలేదు కాబట్టి ఆ ఉద్గారాలు తమవి కావన్న వాదన లెక్కల నియమాల ప్రకారం నిలబడవచ్చు. అయితే ఆ విమానం ఎక్కకుండా ఆ ప్యాకేజీని వాడుకోవడం సాధ్యం కానప్పుడు, దాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలే అంకె నిర్ణయాలు తీసుకోవడానికి పనికిరాదు. మేలైన మార్గం ఏమిటంటే, కంపెనీ అమ్మిన విమాన ప్రయాణాలను ఒక వరుసలోనూ, కస్టమరు స్వయంగా కొనుక్కున్న వాటిని అంచనాగా మరో వరుసలోనూ విడివిడిగా చూపించడం. బుకింగ్ సమయంలో ‘మీరు ఏ నగరం నుంచి, ఎలా వస్తున్నారు’ అని ఒక్క ప్రశ్న అడిగితే ఆ అంచనాకు కావలసిన సమాచారం చాలావరకు చేతికొస్తుంది.

పోల్చి చూసుకోవడానికి ఒక ఆధార సంవత్సరాన్ని ఎంచుకోవాలి. 2020, 2021 సంవత్సరాలను ఇందుకు వాడకూడదు. ప్రయాణాలే ఆగిపోయిన ఆ ఏళ్లతో పోలిస్తే ఆ తర్వాతి ప్రతి ఏడూ పెరుగుదలగానే కనిపిస్తుంది.

అంకెలు రాబట్టడం

ఇంధనం లెక్క అన్నిటికన్నా సులభం. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు పెట్రోలుకు సుమారు 2.3 కిలోలు వెలువడతాయి. కిలో విమాన ఇంధనానికి 3.16 కిలోలు. కాల్చిన ఇంధనం కంటే వచ్చిన వాయువు ఎక్కువ బరువుండటం మొదటిసారి చూసేవారికి పొరపాటులా అనిపిస్తుంది. ఇంధనంలోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకొని కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది కనుక బరువు పెరగడం సహజమే. ఎన్ని కిలోమీటర్లు తిరిగారన్న అంచనా కంటే ఎన్ని లీటర్లు పోయించారన్న బిల్లు నమ్మదగినది. బస్సులు అద్దెకిచ్చే యజమానితో చేసుకునే ఒప్పందంలోనే ప్రతి ట్రిప్పుకూ లీటర్ల లెక్క ఇవ్వాలన్న షరతు పెట్టుకుంటే, ఏడాది చివర వెతుకులాట తప్పుతుంది.

చాలామంది మరిచిపోయేది ఏసీ గ్యాస్. వాహనాల ఏసీల్లో విస్తారంగా వాడిన ఆర్-134ఏ, కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే వందేళ్ల వ్యవధిలో వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ఏసీ కోచ్ నుంచి ఏడాదిలో 3 కిలోల ఆర్-134ఏ లీకైతే అది దాదాపు 4 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం, అంటే సుమారు 1,500 లీటర్ల డీజిల్ కాల్చినంత. మెకానిక్ గ్యాస్ నింపిన ప్రతిసారీ ఎన్ని కిలోలు నింపాడో రాసి ఉంచితే చాలు, ఈ లెక్క తేలిపోతుంది.

హోటళ్ల విషయంలో హోటల్ కార్బన్ మెజర్‌మెంట్ ఇనిషియేటివ్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. గదికి, రాత్రికి ఎన్ని కిలోలో ఇది చెబుతుంది. పెద్ద హోటల్ గొలుసులు చాలావరకు ఈ అంకెను ఇవ్వగలవు. చిన్న హోటళ్లు ఇవ్వలేనప్పుడు వాటి కరెంటు, గ్యాస్ బిల్లులను నిండిన గదుల సంఖ్యతో భాగించి తేల్చుకోవచ్చు, అదీ కుదరకపోతే ఆ దేశపు సగటును వాడవచ్చు. గది ఒక్కింటికి రాత్రికి పది కిలోల దగ్గర నుంచి వంద కిలోలు దాటేదాకా తేడాలుంటాయి కాబట్టి, ప్రపంచమంతటికీ ఒకే సగటు వేసుకోవడం మాత్రం పనికిరాదు. డీజిల్ జనరేటర్ల మీద నడిచే ద్వీపపు రిసార్టు, జలవిద్యుత్తు మీద నడిచే పర్వత ప్రాంతపు లాడ్జి ఒక్క లెక్కలో ఇమడవు.

విమానాలకు మూడు వివరాలు కావాలి: ఎక్కడి నుంచి ఎక్కడికి, మధ్యలో ఎక్కడ దిగి మారారు, ఏ తరగతిలో కూర్చున్నారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కాలిక్యులేటర్, గూగుల్ వెలువరించిన ట్రావెల్ ఇంపాక్ట్ మోడల్, బ్రిటన్ ప్రభుత్వం ఏటా ప్రచురించే గుణకాలు (కిలోమీటరుకు ఎంత ఉద్గారమో చెప్పే అంకెలు) ఉచితంగా దొరుకుతాయి. వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి అచ్చంగా సరిపోవు. ఏదో ఒకదాన్ని ఎంచుకుని ఏటా దానినే వాడటం, ఏది వాడామో రాతపూర్వకంగా చెప్పడం ముఖ్యం. ఈ ఏడాది ఒకటి, పై ఏడాది మరొకటి వాడితే తగ్గింది ఉద్గారమో కాలిక్యులేటరో తెలియకుండా పోతుంది.

విమానాలు వెలువరించేది కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కాదు. ఎత్తున ఎగిరేటప్పుడు అవి వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, వెనుక ఏర్పడే తెల్లటి మంచు చారలు కూడా భూమి వేడెక్కడానికి కారణమవుతాయి. విమానయానం కలిగించే మొత్తం తాపంలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ ఇతర కారణాల నుంచే వస్తోందని 2021లో ప్రచురితమైన విస్తృత అధ్యయనం అంచనా వేసింది, ఆ అంచనాలో అనిశ్చితి చాలా ఉందని కూడా అదే చెప్పింది. బ్రిటన్ గుణకాలు 2023 నుంచి ఇందుకోసం కార్బన్ డయాక్సైడ్ అంకెను 1.7తో హెచ్చించమంటున్నాయి. ఈ హెచ్చింపుతో ఒకసారి, లేకుండా ఒకసారి రెండు అంకెలూ చూపడమే నిజాయితీ గల పద్ధతి.

డబ్బు లెక్కన అంచనా వేసే పద్ధతి కూడా ఉంది: ఫలానా సేవకు ఇంత ఖర్చు పెట్టాం కాబట్టి ఇంత ఉద్గారం అని. మొదటి ఏడాది ఖాళీలు పూరించడానికి ఇది పనికొస్తుంది. అయితే హోటల్ ధర పెంచితే లెక్కలో ఉద్గారం కూడా పెరుగుతుంది, బేరమాడి తగ్గిస్తే తగ్గుతుంది. కనుక దీని మీద ఎక్కువ కాలం ఆధారపడకూడదు.

ఒక యాత్రను విడదీసి చూద్దాం

లెక్క సులువుగా ఉండేలా కొన్ని అంకెలు అనుకుందాం. పన్నెండు మంది ఎనిమిది రోజుల యాత్రకు వెళ్తున్నారు. గమ్యం 5,000 కిలోమీటర్ల దూరం, రానుపోను విమానంలో ఎకానమీ తరగతి, కిలోమీటరుకు మనిషికి 100 గ్రాములు. అంటే ఒక్కొక్కరికి 1,000 కిలోలు. అక్కడ కోచ్ 1,200 కిలోమీటర్లు తిరుగుతుంది. డిపో నుంచి రావడానికీ వెళ్లడానికీ మరో 300 కిలోమీటర్లు ఖాళీగా నడుస్తుంది. లీటరుకు 4 కిలోమీటర్ల చొప్పున 375 లీటర్ల డీజిల్, దాదాపు 1,010 కిలోలు, తలా 84 కిలోలు. హోటల్ గదికి రాత్రికి 30 కిలోలు, గదికి ఇద్దరు, ఏడు రాత్రులు, కాబట్టి మనిషికి 105 కిలోలు. భోజనాలకూ ఇతరాలకూ 40 కిలోలు అనుకుంటే మొత్తం దాదాపు 1,230 కిలోలు.

అందులో విమానం వాటా 81 శాతం. 1.7 హెచ్చింపు కలిపితే 88 శాతం. కోచ్‌లో పన్నెండు మందికి బదులు ఇరవై నలుగురిని ఎక్కిస్తే ఆదా అయ్యేది తలా 42 కిలోలు మాత్రమే. అదే ఎనిమిది రోజుల యాత్రలు రెండు చేసే వ్యక్తి, వాటిని కలిపి పదహారు రోజుల యాత్రగా ఒక్కసారే చేస్తే 1,000 కిలోల విమాన ప్రయాణం పూర్తిగా మిగిలిపోతుంది. రోజుకు తలా 154 కిలోలు పడేది 92 కిలోల దగ్గరికి దిగుతుంది. కంపెనీ అమ్మే ప్రతి ప్యాకేజీకీ ఇలాంటి పట్టిక వేసి, మనిషికి రోజుకు ఎన్ని కిలోలో లెక్కగట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరుస పెడితే ఎక్కడ పని చేయాలో ఆ జాబితాయే చూపిస్తుంది. పై వరుసల్లో సాధారణంగా తక్కువ రోజులు, ఎక్కువ దూరం ఉన్న యాత్రలే కనిపిస్తాయి.

విమాన ప్రయాణాలను తగ్గించడం

మొదట చూడవలసింది యాత్ర లోపలి విమానాలను. గమ్యదేశంలో ఒక నగరం నుంచి మరో నగరానికి వెళ్లే చిన్న విమాన ప్రయాణాలు చాలా ప్యాకేజీల్లో కేవలం అలవాటుగా ఉండిపోతాయి. విమానం పైకి లేవడానికే ఎక్కువ ఇంధనం కావాలి కనుక, దూరం తగ్గేకొద్దీ కిలోమీటరుకు పడే ఉద్గారం పెరుగుతుంది. రైలు ఉన్నచోట, ముఖ్యంగా విద్యుత్ రైలు ఉన్నచోట, వాటి స్థానంలో రైలును పెట్టడం అతి తక్కువ కష్టంతో అతి ఎక్కువ ఫలితమిచ్చే మార్పు. విమానాశ్రయానికి చేరడం, భద్రతా తనిఖీలు, సామాను కోసం ఎదురుచూడటం అన్నీ కలిపితే నాలుగు గంటల రైలు ప్రయాణం గంట విమానం కంటే పెద్ద ఆలస్యమేమీ కాదు. రాత్రి రైలైతే ఒక హోటల్ రాత్రి కూడా మిగులుతుంది. రెండున్నర గంటల లోపు రైలులో చేరగల మార్గాల్లో స్వదేశీ విమానాలను ఫ్రాన్స్ 2023లో నిషేధించింది. ఆచరణలో ఆ నిషేధం మూడు మార్గాలకే పరిమితమైంది గాని, కంపెనీ తన సొంత నియమంగా ఇంతకంటే కఠినమైన హద్దు పెట్టుకోవడానికి ఎవరి చట్టమూ అక్కర్లేదు.

రెండవది యాత్ర నిడివి. దూరపు గమ్యాలకు కనీస రోజుల సంఖ్యను నిర్ణయించుకుని, అంతకు తక్కువ ప్యాకేజీలను అమ్మకపోవడం అమ్మకాల విభాగానికి నచ్చని సలహా. కాని రోజులు పెరిగితే యాత్ర ఒక్కింటికి వచ్చే రాబడీ పెరుగుతుంది, కస్టమర్లను వెతికే ఖర్చు తగ్గుతుంది. దానితో పాటు, దూరదేశాల కస్టమర్ల కోసం వెచ్చించే ప్రచార ఖర్చులో కొంత భాగాన్ని దగ్గరి నగరాల వైపు మళ్లించడం కూడా ఉద్గారాల నిర్ణయమే. ఎవరికి ప్రకటన చూపిస్తున్నామన్నదే వాళ్లు ఎంత దూరం నుంచి వస్తారో తేలుస్తుంది.

తప్పనిసరి విమానాల్లోనూ ఎంచుకోవడానికి చోటుంది. నేరుగా వెళ్లే విమానం మధ్యలో మరోసారి దిగి ఎక్కే ఇంధనాన్ని మిగులుస్తుంది. బిజినెస్ తరగతి సీటు ఆక్రమించే స్థలాన్ని బట్టి, దూర ప్రయాణాల్లో దాని వాటా ఎకానమీకి సుమారు మూడు రెట్లు, ఫస్ట్ క్లాస్ వాటా సుమారు నాలుగు రెట్లు. ఒకే మార్గంలో ఎగిరే రెండు సంస్థల మధ్య కూడా విమానం కొత్తదనాన్ని బట్టి, సీట్ల కూర్పును బట్టి చెప్పుకోదగ్గ తేడా ఉంటుంది. ఎయిర్‌బస్ ఏ320 నియో వంటి కొత్త తరం విమానాలు పాత నమూనాల కంటే దాదాపు 15 నుంచి 20 శాతం తక్కువ ఇంధనం తాగుతాయి. బుకింగ్ సిబ్బంది తెర మీద ధర పక్కనే ఉద్గారం కూడా కనిపించేలా చేసి, ధరలో తేడా కొద్దిపాటిదైనప్పుడు తక్కువ ఉద్గారమున్న టికెట్టునే ముందు చూపాలన్న నియమం పెడితే, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండానే కొంత తగ్గుతుంది.

వాడిన వంటనూనె, వ్యర్థ కొవ్వుల వంటివాటి నుంచి తయారయ్యే ప్రత్యామ్నాయ విమాన ఇంధనం, తయారీ నుంచి దహనం వరకూ కలిపి చూస్తే ఉద్గారాలను 80 శాతం దాకా తగ్గించగలదు. ప్రపంచంలో వాడే విమాన ఇంధనంలో దాని వాటా 2024 నాటికి ఒక శాతానికి లోపే. యూరోపియన్ యూనియన్ 2025 నుంచి 2 శాతం, 2030 నుంచి 6 శాతం తప్పనిసరి చేసింది. తన ప్రయాణికుల తరఫున ఈ ఇంధనానికి అదనపు ధర చెల్లించి, ఆ మేరకు తగ్గింపును తన లెక్కలో రాసుకునే బుక్ అండ్ క్లెయిమ్ ఏర్పాట్లు ఉన్నాయి. అయితే చట్టం ప్రకారం ఎలాగూ కలపవలసిన ఇంధనాన్నే తనకు మళ్లీ అమ్మడం లేదని కంపెనీ నిర్ధారించుకోవాలి.

నేల మీద

విమానం వాటా అంత పెద్దదైతే మిగతావాటి గురించి ఎందుకనే ప్రశ్న రావచ్చు. కారణం ఏమిటంటే, వీటి మీద కంపెనీకి ఉన్న పట్టు విమాన సంస్థల మీద ఉండదు. కోచ్‌ల విషయంలో మొదటి శత్రువు ఖాళీగా తిరిగే కిలోమీటర్లు. పై ఉదాహరణలో డీజిల్‌లో అయిదో వంతు ఎవరినీ ఎక్కించుకోకుండానే కాలిపోయింది. యాత్ర మొదలయ్యే ఊళ్లోనే ఉన్న వాహనాన్ని మాట్లాడుకోవడం, ఒక బృందాన్ని దింపిన చోటే మరో బృందాన్ని ఎక్కించుకునేలా తేదీలు కుదర్చడం దీనికి విరుగుడు. బృందం చిన్నదైతే చిన్న వాహనం సరిపోతుంది. యాత్రికులు ఏదైనా చూస్తున్నంతసేపూ ఏసీ కోసం ఇంజను నడుపుతూ నిలబెట్టే అలవాటు మానాలంటే డ్రైవరుకు నీడ, విశ్రాంతి స్థలం చూపించాలి. ఊరికే ఆదేశాలిస్తే జరగదు. రోజువారీ దూరాలు తక్కువగా, ముందే తెలిసిన మార్గాల్లో ఉంటే విద్యుత్ వాహనాలు ఇప్పటికే సాధ్యం.

హోటళ్లతో ఒప్పందాలు కొత్తగా రాసుకునేటప్పుడు అంకెలు అడగడమే మొదటి మెట్టు. ఏటా ఎక్కువ రాత్రులు కొనే కొద్ది హోటళ్ల దగ్గర మొదలుపెట్టాలి. వేడినీళ్లు, ఏసీ, ఈత కొలను వేడి చేయడం ప్రధాన ఖర్చులు. దుప్పట్లు తువ్వాళ్లు రోజూ ఉతకకపోవడం కనిపించేంత గొప్ప పొదుపు కాదు. భోజనంలో గొడ్డుమాంసం, గొర్రెమాంసం తగ్గించి శాకాహారాన్ని మెనూలో మొదటి ఎంపికగా ఉంచడం వల్ల ఖర్చు లేకుండానే తగ్గింపు వస్తుంది. ఆఫీసు కరెంటు, సిబ్బంది ప్రయాణాలు చివరి వంతు. అయితే ఏజెంట్లను విమానాల్లో తీసుకెళ్లి గమ్యస్థానాలు చూపించే పరిచయ యాత్రలు మాత్రం చాలా కంపెనీల్లో అనుకున్నదానికంటే పెద్ద పద్దు.

లక్ష్యం, డబ్బు

2021 నవంబరులో వెలువడిన గ్లాస్గో ప్రకటన మీద సంతకం చేసిన పర్యాటక సంస్థలు 2030 నాటికి ఉద్గారాలను సగం చేస్తామని, 2050కి ముందే వీలైనంత త్వరగా నెట్ జీరోకు, అంటే వెలువరించేదీ గాలిలోంచి తీసేసేదీ సరిసమానమయ్యే స్థితికి చేరతామని, సంతకం చేసిన పన్నెండు నెలల్లోగా కార్యాచరణ ప్రణాళికను బయటపెడతామని ఒప్పుకుంటాయి. లక్ష్యాన్ని మొత్తం టన్నుల్లో పెట్టుకోవాలి. మనిషికి రోజుకు పడే కిలోలు తగ్గుతూ ఉండగానే, వ్యాపారం పెరిగి మొత్తం టన్నులు పెరిగిపోవచ్చు. రెండు అంకెలూ పక్కపక్కనే ఉంచి, మనిషికి రోజుకు పడే కిలోలను పనికీ, మొత్తం టన్నులను జవాబుదారీకీ వాడుకోవాలి.

టన్నుకు ఇంత అని కంపెనీ లోపల ఒక ధర నిర్ణయించి, ప్రతి ప్యాకేజీ ఖర్చు పట్టికలో అది కూడా ఒక పద్దుగా చేర్చడం చాలా ఉపయోగకరమైన ఏర్పాటు. అప్పుడు విమానానికి బదులు రైలు పెట్టిన ప్యాకేజీ లాభంలో ముందుకొస్తుంది, అలా పోగైన నిధి తగ్గింపు పనులకూ పరిహారానికీ ఆధారమవుతుంది.

ఆఫ్‌సెట్ కొనేటప్పుడు

కార్బన్ క్రెడిట్ అంటే మరొకచోట ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వెలువడకుండా ఆగిందనో, గాలిలోంచి తీసేశారనో ఇచ్చే ధ్రువపత్రం. మన ఉద్గారాలకు పరిహారంగా ఇలాంటి క్రెడిట్లు కొనడాన్నే ఆఫ్‌సెట్ అంటారు. వెర్రా, గోల్డ్ స్టాండర్డ్, క్లైమేట్ యాక్షన్ రిజర్వ్ వంటి రిజిస్ట్రీలు వీటికి వరుస నంబర్లు ఇచ్చి నమోదు చేస్తాయి. కొన్నవారి పేరిట ‘రిటైర్’ చేసిన తర్వాతే ఆ క్రెడిట్ ఖర్చయినట్టు. అంతవరకు అది చేతులు మారే సరుకు మాత్రమే.

కొనే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగు. క్రెడిట్ డబ్బు రాకపోయినా ఆ పని జరిగి ఉండేదా? జరిగి ఉండేదైతే కొన్నది కాగితమే. ఆ తగ్గింపు ఎంతకాలం నిలుస్తుంది? విమానం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వేల ఏళ్లు వాతావరణంలో ఉంటుంది, చెట్టు ఒక్క వేసవి మంటల్లో కాలిపోవచ్చు. అమెరికాలో 2021 నాటి బూట్‌లెగ్ కార్చిచ్చు క్రెడిట్లు అమ్మిన అడవిలోనే కొంత భాగాన్ని తగలబెట్టింది. ఒక అడవిని కాపాడితే నరికేవారు పక్క అడవికి తరలిపోతున్నారా? ఒకే టన్నును ప్రాజెక్టు నడిచే దేశం తన లెక్కలోనూ, మన కంపెనీ తన లెక్కలోనూ రెండుసార్లు రాసుకుంటున్నాయా?

ఈ ప్రశ్నలు ఊహాజనితం కావు. అడవుల నరికివేతను ఆపే 26 ప్రాజెక్టులను పరిశీలించిన అధ్యయనం 2023లో సైన్స్ పత్రికలో వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం నరికివేతను చెప్పుకోదగినంతగా తగ్గించలేదని, తగ్గించినవి కూడా చెప్పుకున్నదానికంటే చాలా తక్కువే తగ్గించాయని అది తేల్చింది. మెరుగైన పొయ్యిల ప్రాజెక్టుల మీద 2024లో నేచర్ సస్టెయినబిలిటీలో వచ్చిన అధ్యయనం, పరిశీలించిన నమూనాలో నిజమైన తగ్గింపు కంటే దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ క్రెడిట్లు జారీ అయ్యాయని అంచనా వేసింది. గ్రిడ్‌కు కలిసే గాలిమరలు, సౌర కేంద్రాలు చాలాచోట్ల క్రెడిట్ల డబ్బు లేకుండానే లాభసాటిగా నడుస్తున్నాయి కాబట్టి, ప్రస్తుత పద్ధతుల్లో జారీ అయిన పునరుత్పాదక విద్యుత్ క్రెడిట్లకు తన నాణ్యతా ముద్ర ఇవ్వబోనని స్వచ్ఛంద కార్బన్ మార్కెట్ల నాణ్యతను పరిశీలించే అంతర్జాతీయ మండలి 2024లో ప్రకటించింది. మార్కెట్‌లో చవకగా దొరికేవి ఎక్కువగా ఈ బాపతువే. చెత్త గుట్టల నుంచి వచ్చే మీథేన్‌ను పట్టడం, పాత ఫ్రిజ్‌లలోని వాయువులను ధ్వంసం చేయడం వంటి పద్ధతులు ఆ ముద్రను ముందుగా పొందిన వాటిలో ఉన్నాయి. చూడటానికి పచ్చగా లేకపోయినా వీటి లెక్క కాస్త గట్టిది.

తగ్గింపు కాకుండా గాలిలోంచి తీసేసే పద్ధతులు వేరు. వ్యవసాయ వ్యర్థాలను బొగ్గుగా మార్చి నేలలో కలిపే బయోచార్, యంత్రాలతో గాలిని వడకట్టి కార్బన్ డయాక్సైడ్‌ను రాతి పొరల్లోకి పంపే పద్ధతి ఈ కోవలోవి. రెండవదానికి ఐస్‌లాండ్‌లో 2021లో మొదలైన ఓర్కా ప్లాంటు ఉదాహరణ. అడవి క్రెడిట్‌తో పోలిస్తే దీని ధర ఎన్నో రెట్లు; టన్నుకు వందల డాలర్లు. ఆఫ్‌సెట్ల మీద ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2020లో వెలువరించిన సూత్రాల సారాంశం కూడా ఏమిటంటే, కొనుగోళ్లను క్రమంగా తగ్గింపుల నుంచి తొలగింపుల వైపు, స్వల్పకాలిక నిల్వల నుంచి దీర్ఘకాలిక నిల్వల వైపు మళ్లించాలని.

కొనుగోలులో కొన్ని జాగ్రత్తలు పాటించాలి. భవిష్యత్తులో తగ్గిస్తామన్న వాగ్దానాన్ని కాకుండా, ఇప్పటికే జరిగి, తనిఖీ పూర్తయి, జారీ అయిన క్రెడిట్లనే కొనాలి. మధ్యవర్తి ఇచ్చే అందమైన కరపత్రంతో సరిపెట్టుకోక, రిజిస్ట్రీలో ఉండే ప్రాజెక్టు పత్రాన్నీ తనిఖీ నివేదికనూ చదవాలి, లేదా చదవగలిగిన వారికి రుసుమిచ్చి చదివించాలి. స్థానిక ప్రజల భూమి హక్కుల గురించి ఆ పత్రంలో ఏమీ లేకపోతే అక్కడే ఆగిపోవడం మంచిది. చెల్లింపును బుకింగ్ చివర కస్టమరు ఇష్టానికి వదిలితే తక్కువమందే ఎంచుకుంటారు; ధరలోనే కలిపేయాలి.

ఇన్ని టన్నులు వెలువడ్డాయి కాబట్టి అన్ని చౌక క్రెడిట్లు కొని చెల్లుకు చెల్లు అనుకునే పద్ధతిని నేను సిఫారసు చేయను. అంతర్గత ధర ప్రకారం పోగైన డబ్బుతో తక్కువ టన్నులైనా సరే, నాణ్యమైనవి కొని, దాన్ని రద్దుగా కాక విరాళంగా చెప్పుకోవడం మేలు. ఆఫ్‌సెట్లను అమ్మిన తొలి ట్రావెల్ సంస్థల్లో ఒకటైన రెస్పాన్సిబుల్ ట్రావెల్ 2002లో మొదలుపెట్టి 2009లోనే దాన్ని మానేసింది. బ్రిటన్ విమాన సంస్థ ఈజీజెట్ 2019 చివర తన విమానాలన్నిటికీ ఆఫ్‌సెట్లు కొనడం ప్రారంభించి, 2022 చివర ఆపి, ఆ డబ్బును తగ్గింపు వైపు మళ్లిస్తామంది.

కస్టమరుకు ఏం చెప్పాలి

‘కార్బన్ న్యూట్రల్ యాత్ర’ అన్న మాట ఇప్పుడు చట్టపరంగా కూడా ప్రమాదకరం. ఆఫ్‌సెట్ల ఆధారంగా ఒక వస్తువుకు లేదా సేవకు పర్యావరణ ప్రభావమే లేదని చెప్పుకోవడాన్ని యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన నియమం నిషేధించింది. అది 2026 సెప్టెంబరు 27 నుంచి అమలవుతుంది. బాధ్యతగా ఎగరమంటూ నెదర్లాండ్స్ విమాన సంస్థ కేఎల్ఎం ఇచ్చిన ప్రకటనల్లో అనేకం తప్పుదోవ పట్టించేవేనని ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు 2024 మార్చిలో తీర్పు చెప్పింది.

కాబట్టి ప్యాకేజీ వివరాల్లో అంకెలే రాయాలి. ఉదాహరణకు: ‘ఈ యాత్రలో మనిషికి సుమారు 1,230 కిలోల ఉద్గారం వెలువడుతుంది, అందులో 1,000 కిలోలు విమానానివి, ఎత్తున ఎగరడం వల్ల కలిగే అదనపు ప్రభావం ఇందులో చేర్చలేదు, చేరిస్తే మొత్తం సుమారు 1,930. రైలులో వచ్చేవారి లెక్క వేరుగా కింద ఉంది. ధరలో ఇంత మొత్తాన్ని ఫలానా ప్రాజెక్టుకు ఇస్తున్నాం, రిటైర్ చేసిన క్రెడిట్ల వరుస నంబర్లు ఇవి.’ వార్షిక నివేదికలో స్కోపుల వారీగా మొత్తాలను, వాడిన గుణకాల సంవత్సరాన్ని, ఆఫ్‌సెట్లను వాటిలోంచి తీసివేయకుండా వేరే పట్టికలో చూపించాలి. లెక్క పద్ధతి మారినా, కంపెనీ మరో సంస్థను కొన్నా, ఆధార సంవత్సరపు అంకెను కూడా కొత్త పద్ధతిలో తిరిగి లెక్కించి, పాత అంకె పక్కనే ఉంచి, ఎందుకు మారిందో రెండు వాక్యాల్లో రాయాలి.